సిస్టం లేవట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఏ రెస్క్యూ టూల్ పట్టుకోవాలంటే

నల్గొండ గడియారం సెంటర్‌లోనైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా సిస్టం ఆన్ అవ్వట్లేదని పట్టుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, గంటలో అయిపోతది’. గంటలో అయిపోయే మాట నిజమే. దాంతోపాటు ఏళ్ల తరబడి కొట్టిన ట్యాలీ లెక్కలు, స్టూడియోలో ఇంకా ఆల్బం కాని పెళ్లి ఫొటోలు, అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు కూడా పోతాయి. విండోస్ ఎప్పుడైనా మళ్లీ వేసుకోవచ్చు, డేటా ఒకసారి పోతే పోయినట్టే. అందుకే ఇది రాస్తున్నా. ఇందులో చెప్పే రెస్క్యూ టూల్స్ (చెడిన సిస్టంను పెన్‌డ్రైవ్ నుంచి లేపి డేటా తీసుకునే, రిపేరు చేసే సాఫ్ట్‌వేర్లు) దాదాపు అన్నీ ఉచితం, కావాల్సింది ఒక మంచి పెన్‌డ్రైవ్, కాస్త ఓపిక, ఏది ఎప్పుడు వాడాలన్న అవగాహన.

ఏ టూల్ మంచిదని అడిగే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. లోపలున్న డేటా ఇంకెక్కడైనా కాపీ ఉందా? హార్డ్ డిస్క్ బాగుందా, లేక చివరి దశలో ఉందా? ఈ రెండూ తెలిస్తే ఎంపిక దాదాపు అయిపోయినట్టే. డేటా వేరేచోట భద్రంగా ఉంటే ఏ రెస్క్యూ టూలూ అక్కర్లేదు, కొత్తగా విండోస్ వేసుకోండి. కాపీ లేదు కానీ డిస్క్ బాగుంది అంటే హైరెన్స్ (విండోస్ లాంటి డెస్క్‌టాప్‌తో లేచే టూల్). కాపీ లేదు, డిస్క్ కూడా ఖరాబవుతోంది అంటే సిస్టమ్‌రెస్క్యూ (లినక్స్ టూల్), అందులోని డీడీరెస్క్యూ (చెడుతున్న డిస్క్‌ను కాపీ తీసే ప్రోగ్రాం). ఈ మూడో కేసులోనే ఎక్కువమంది తప్పు దారి పడతారు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్తా.

పెన్‌డ్రైవ్ పెట్టకముందే చూడాల్సినవి

మన వైపు చాలా సిస్టంలు మొరాయించేది కరెంటు వల్ల, దుమ్ము వల్ల. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసుల్లో సిపియు డబ్బా విప్పి చూస్తే ఫ్యాన్ మీద తవుడు దుమ్ము పేరుకుపోయి ఉంటుంది. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరిగి, మానిటర్ మీద ఏమీ రాకుండా బీప్ బీప్ అంటుంటే అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. కరెంటు తీసేసి, ర్యామ్ బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి. దీంతోనే లేచి కూర్చునే సిస్టంలు చాలా ఉంటాయి.

ఇంకోటి ఎవరూ పట్టించుకోని బటన్ సెల్, మదర్‌బోర్డ్ మీద గుండ్రంగా ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బయాస్ (విండోస్ కన్నా ముందు లేచే, మదర్‌బోర్డ్‌లోని సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మొదటికొస్తాయి. తేదీ వెనక్కి పోతుంది, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి తెలుస్తుంది. కనిపించకుండా మారేది సాటా మోడ్, అంటే డిస్క్‌తో మదర్‌బోర్డ్ మాట్లాడే పద్ధతి. విండోస్ వేసినప్పుడు ఏహెచ్‌సీఐ మోడ్‌లో ఉండి, బయాస్ రీసెట్ అయ్యాక అది ఐడీఈకో రైడ్‌కో మారితే, విండోస్ లోగో వచ్చిన వెంటనే ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని బ్లూ స్క్రీన్ పడుతుంది. చూసినవాళ్లు విండోస్ కరప్ట్ అయిందని ఫార్మాట్ కొట్టేస్తారు. బయాస్‌లోకి వెళ్లి ఆ మోడ్‌ను మళ్లీ ఏహెచ్‌సీఐకి మార్చి, కొత్త సెల్ వేస్తే ఏ టూలూ అక్కర్లేకుండా పాత విండోస్ అలాగే లేస్తుంది.

బ్లూ స్క్రీన్ ఒక్కోసారి ఒక్కో పేరుతో వస్తున్నా, విండోస్ వేస్తుంటే మధ్యలో ఆగిపోతున్నా ర్యామ్‌నే అనుమానించాలి. దానికి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ చాలు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి (అంటే సిస్టంను దానితోనే లేపి; పెన్‌డ్రైవ్ తయారీ చివర్లో చెప్తా) కనీసం ఒక పూర్తి రౌండ్ నడవనివ్వండి, ఎర్ర గీతలు కనిపిస్తే ర్యామ్ మార్చాల్సిందే.

విండోస్‌లోనే ఉన్న రిపేరు సామాను

బయటి టూల్స్ డౌన్‌లోడ్ చేసే ముందు విండోస్ లోపలే ఉన్న రికవరీ స్క్రీన్ వాడి చూడండి. లోగో తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయడం రెండు మూడు సార్లు చేస్తే, తర్వాతి సారి ‘ఆటోమేటిక్ రిపేర్’ తనంతట తనే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సేఫ్ మోడ్, కమాండ్ ప్రాంప్ట్ ఉంటాయి. నిన్నటి దాకా బాగుండి, అప్‌డేట్ పడ్డాక లేవట్లేదంటే ముందు ఆ అప్‌డేట్‌నే తీసేయండి.

దీన్ని తక్కువ చేసి చూడొద్దని ఎందుకంటున్నానంటే, 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ సిస్టంలు బ్లూ స్క్రీన్‌లో పడిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అంత పెద్ద గొడవకు చాలా సిస్టంలలో మందు ఏంటంటే, సేఫ్ మోడ్‌లోకో రికవరీ స్క్రీన్‌లోకో వెళ్లి డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఆ పాడు ఫైలును తీసేయడం. అలా లేచిన సిస్టంలలో ఫార్మాట్ కొట్టాల్సిన పని రాలేదు.

ఇదే రికవరీ స్క్రీన్‌లో అర్జెంటుగా ఫైళ్లు బయటికి తీయడానికి ఒక చక్కటి దారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నోట్‌ప్యాడ్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ ఎంచుకుంటే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్, అంతే. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించే గీత రాదు కాబట్టి పెన్‌డ్రైవ్ లైటు మిణుకుమనడం ఆగేదాకా కదపొద్దు. డ్రైవ్ అక్షరాలు కూడా ఇక్కడ మారొచ్చు, మీ సి డ్రైవ్ డి అని కనిపిస్తే కంగారు పడకండి. రేపు జీఎస్టీ రిటర్న్ వేయాలి, ట్యాలీ ఫోల్డర్ ఒక్కటి చేతికొస్తే చాలు అనుకునేవాళ్లకు ఇంతకన్నా త్వరగా అయ్యే పద్ధతి లేదు.

బూట్ ఫైళ్లు (విండోస్‌ను లేపేవి) మాత్రమే చెడిపోయి ఉంటే చాలా వీడియోల్లో కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అనే కమాండ్ కొట్టమంటారు. యూఈఎఫ్ఐ (బయాస్‌కు కొత్త రూపం) ఉన్న సిస్టంలలో అది తరచుగా ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటుంది. వాటికి బీసీడీబూట్ కమాండ్ సరైనది. డిస్క్‌పార్ట్‌లో (పార్టిషన్లు, అంటే డిస్క్ భాగాలు చూసే కమాండ్) చిన్నగా, ఫ్యాట్32తో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ఒక డ్రైవ్ లెటర్ ఇచ్చి, విండోస్ ఫోల్డర్ ఎక్కడుందో చూపించి బీసీడీబూట్ నడిపితే బూట్ ఫైళ్లను కొత్తగా రాసేస్తుంది, మీ ఫైళ్ల జోలికి పోదు.

‘రీసెట్ దిస్ పీసీ’లో ‘కీప్ మై ఫైల్స్’ అని ఉంటుంది కదా, అది నొక్కితే ఏమీ పోదు అనుకోవద్దు. మీరు వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ తన డేటాను ప్రోగ్రాం ఫోల్డర్ లోపలే పెట్టుకుని ఉంటే అది కూడా ప్రమాదంలో పడుతుంది. ట్యాలీ డేటా ఎక్కడ పెట్టారో ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది, అంకెల పేరుతో ఉన్న కంపెనీ ఫోల్డర్‌ను వెతికి పట్టుకుని, కాపీ చేసుకున్నాకే రీసెట్ గురించి ఆలోచించండి.

హైరెన్స్ బూట్‌సీడీ పీఈ: ఎక్కువమందికి ఇదే సరిపోతుంది

విండోస్ అలవాటున్న మనిషికి నేను మొదట చెప్పేది హైరెన్స్. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేస్తే మామూలు విండోస్ డెస్క్‌టాప్ లాంటిదే వస్తుంది, మై కంప్యూటర్ ఉంటుంది, మౌస్‌తో లాగి కాపీ చేసుకోవచ్చు. డిస్క్ ఆరోగ్యం చూసే జీస్మార్ట్‌కంట్రోల్, డిలీట్ అయిన ఫైళ్లు వెతికే రెకువా, డిస్క్ మొత్తాన్ని ఇమేజ్‌గా, అంటే ఒక ఫైలుగా కాపీ తీసే మాక్రియం, పాస్‌వర్డ్ తీసే ఎన్‌టీ పాస్‌వర్డ్ ఎడిట్ అన్నీ ఒకచోటే ఉంటాయి. మన ఊళ్లలో ఇప్పటికీ తిరుగుతున్న పాత హైరెన్స్ 15.2 సీడీ 2012 నాటిది, దాన్ని వదిలేయండి, అది ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు పనికిరాదు, పైగా ఎవరి చేతులు మారి వచ్చిందో, అందులో ఏం కలిపారో తెలియదు. హైరెన్స్ సొంత సైట్ నుంచి పీఈ (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే చిన్న విండోస్) వెర్షన్ దించుకోండి.

దీని లోపాలు రెండు. పాత, తక్కువ ర్యామ్ ఉన్న సిస్టంలలో నత్తనడక నడుస్తుంది లేదా అసలు లేవదు. రెండోది, ఇంటెల్ 11వ జనరేషన్ నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ బయాస్‌లో ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ లేకపోతే విండోస్ సెటప్‌కు గానీ ఇలాంటి పీఈలకు గానీ లోపలి ఎస్‌ఎస్‌డీ కనిపించదు. ‘డిస్క్ పోయింది, కొత్తది వేయాలి’ అని అక్కడ ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, విప్పి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని విండోస్ సెటప్‌లో ‘లోడ్ డ్రైవర్’ దగ్గర చూపిస్తే డిస్క్ కనిపిస్తుంది. బయాస్‌లో వీఎండీ ఆపేస్తే కూడా కనిపిస్తుంది, కానీ అప్పుడు పాత విండోస్ బ్లూ స్క్రీన్ కొడుతుంది, కాబట్టి డేటా తీసుకున్నాక దాన్ని మళ్లీ ఆన్ చేయడం గుర్తుపెట్టుకోండి.

పాస్‌వర్డ్ మర్చిపోయిన కేసులు వస్తుంటాయి. ఎన్‌టీ పాస్‌వర్డ్ ఎడిట్ పనిచేసేది లోకల్ అకౌంట్ల మీదే. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఫోన్‌లోనే, వాళ్ల సైట్‌లో పాస్‌వర్డ్ రీసెట్ చేసుకోవాలి. సిస్టం తెచ్చినవాళ్లదే అని తేల్చుకోకుండా మాత్రం ఎవరి పాస్‌వర్డూ తీయొద్దు.

డిస్క్ ఆరోగ్యం చూడటం ఎలాగో ఇక్కడే చెప్తా, ఎందుకంటే తర్వాతి నిర్ణయమంతా దీని మీదే ఉంటుంది. జీస్మార్ట్‌కంట్రోల్‌లో డిస్క్ మీద డబుల్ క్లిక్ చేసి అట్రిబ్యూట్స్ చూడండి. 5వ నంబరు ‘రీఅలొకేటెడ్ సెక్టార్స్’ (సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి), 197 ‘కరెంట్ పెండింగ్ సెక్టార్స్’, 198 ‘ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్’. ఈ మూడింటి రా వాల్యూ (అసలు అంకె) సున్నా ఉంటే నిశ్చింతగా హైరెన్స్‌లోనే పని కానివ్వండి. 197లో అంకె ఉండి, రేపు చూస్తే పెరుగుతుంటే అది చదవలేని సెక్టార్లు ఎక్కువవుతున్నాయని అర్థం. అక్కడితో హైరెన్స్ ఆపేయాలి, సిస్టం కూడా ఆపేయాలి. పైన ‘పాస్డ్’ అని పచ్చగా రాసి ఉన్నా నమ్మొద్దు, ఈ మూడు అంకెలే చూడండి.

సిస్టమ్‌రెస్క్యూ, డీడీరెస్క్యూ: డిస్క్ చివరి దశలో ఉన్నప్పుడు

బ్యాడ్ సెక్టార్లు పడ్డ డిస్క్ మీద మనవాళ్లు మొదట చేసే పని విండోస్‌లోని చెక్‌డిస్క్ కమాండ్ కొట్టడం, అదీ డిస్క్ మొత్తం వెతికే స్లాష్ ఆర్ పెట్టి. జ్వరంతో లేవలేకపోతున్న మనిషిని పరుగు తీయమన్నట్టే అది. డిస్క్ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, చదవలేని చోట మళ్లీ మళ్లీ చదువుతూ తిరుగుతుంది, మిగిలిన ప్రాణం కూడా అందులోనే పోతుంది. పైగా చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టంను సరిచేయడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు.

డీడీరెస్క్యూ దీనికి సరిగ్గా వ్యతిరేకం. ముందు సులువుగా వచ్చే భాగాలన్నీ గబగబా కాపీ చేసేస్తుంది, అడ్డం తగిలిన చోటును వదిలేసి ముందుకు పోతుంది, చివర్లో మాత్రమే ఆ కష్టమైన చోట్లకు తిరిగొచ్చి కొంచెం కొంచెంగా గీకుతుంది. అంటే డిస్క్ మధ్యలో చచ్చిపోయినా అప్పటికే ఎక్కువ భాగం మీ చేతిలో ఉంటుంది. ఇది సిస్టమ్‌రెస్క్యూలో వస్తుంది. ఒకప్పుడు సిస్టమ్‌రెస్క్యూసీడీ అనేవాళ్లు, 2019లో జెంటూ వదిలి ఆర్చ్ లినక్స్ మీదికి మారింది, ఫైలు దాదాపు ఒక జీబీ. బూట్ అయ్యాక నల్ల తెర మీద ప్రాంప్ట్ వస్తుంది, ‘స్టార్ట్ఎక్స్’ అని కొడితే డెస్క్‌టాప్ కూడా వస్తుంది. లినక్స్ అని భయపడే పని లేదు, మనకు కావాల్సిన కమాండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

చేసే తీరు ఇదీ. పాత డిస్క్ కన్నా పెద్దదో, కనీసం అంతదో ఉన్న కొత్త డిస్క్ పెట్టండి. మొదట ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి ఏ డిస్క్ పేరు ఏంటో సైజు, మోడల్ చూసి కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే కమాండ్‌లో ముందు పాతది, తర్వాత కొత్తది రాయాలి, తిరగబడితే ఖాళీ డిస్క్ వచ్చి మీ డేటా మీద కాపీ అయిపోతుంది, ఇక దాన్ని దేవుడు కూడా వెనక్కి తేలేడు. మొదటి రౌండ్ ‘మైనస్ ఎన్’ ఆప్షన్‌తో, అంటే గీకే పని లేకుండా. అది అయ్యాక రెండో రౌండ్ ఆ ఆప్షన్ తీసేసి, మూడు సార్లు మళ్లీ ప్రయత్నించమని ‘మైనస్ ఆర్ 3’ పెట్టి. కమాండ్ చివర మ్యాప్ ఫైలు పేరు ఇవ్వడం అసలు మర్చిపోవద్దు. ఏది చదివాం, ఏది మిగిలింది అన్న లెక్క అందులో ఉంటుంది. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నాలు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కదా, మ్యాప్ ఫైలు ఉంటే మళ్లీ అదే కమాండ్ కొట్టగానే ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. ఆ ఫైలును లైవ్ సిస్టంలో, అంటే ర్యామ్ మీద నడిచే సిస్టమ్‌రెస్క్యూలో పెడితే కరెంటుతో పాటే పోతుంది, కాబట్టి వేరే పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేయండి.

జడ్చర్లలో ఒక ఫొటో స్టూడియో డిస్క్ ఇలాగే నడిపాం. సాయంత్రం మొదలుపెడితే తెర మీద ‘పీసీటీ రెస్క్యూడ్’ శాతం చకచకా ఎక్కింది, తొంభై దాటాక ‘కరెంట్ రేట్’ మెగాబైట్ల నుంచి కిలోబైట్లకు, తర్వాత సున్నాకు పడింది. చూసేవాళ్లకు హ్యాంగ్ అయిందనిపిస్తుంది. అప్పుడు చూడాల్సింది కింద ఉండే ‘టైమ్ సిన్స్ లాస్ట్ సక్సెస్‌ఫుల్ రీడ్’. అది కొన్ని సెకన్ల దగ్గర తిరుగుతుంటే నెమ్మదిగానైనా పని జరుగుతున్నట్టే, వదిలేయాలి. ఆ డిస్క్ రాత్రంతా అలాగే నడిచింది, స్టూడియో అన్న మాత్రం నిద్రపోకుండా టీ తాగుతూ అక్కడే కూర్చున్నాడు. తెల్లారేసరికి కొద్ది భాగం తప్ప అంతా వచ్చింది. తర్వాత చేసిన రిపేరంతా కొత్త డిస్క్ మీదే. పాతదాన్ని మళ్లీ ముట్టుకోలేదు.

సిస్టమ్‌రెస్క్యూతో ఇబ్బందులూ ఉన్నాయి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్ కానివ్వని సెట్టింగ్) ఆన్‌లో ఉంటే లేవదు, బయాస్‌లో ఆఫ్ చేయాలి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో సగం నిద్రలో ఆగిన డిస్క్‌ను రీడ్ ఓన్లీగా మాత్రమే తెరుస్తుంది, కాపీ చేసుకోవడానికి అది చాలు, బలవంతంగా రైట్ మోడ్‌లోకి మార్చే ప్రయత్నం చేయొద్దు. ఇంకో పక్క, హైరెన్స్‌లో కనిపించని వీఎండీ ఎస్‌ఎస్‌డీ ఇందులో చాలాసార్లు ఏ డ్రైవర్ లేకుండానే కనిపిస్తుంది.

డిస్క్ టక్ టక్ మని కొట్టుకుంటుంటే మాత్రం డీడీరెస్క్యూ కూడా వద్దు. అది లోపలి హెడ్ పోయిన చప్పుడు, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని బాగుచేయలేదు, తిప్పిన కొద్దీ ప్లేట్ల మీద గీతలు పడతాయి. కరెంటు తీసేసి, డేటా విలువ ఎంతో ఆలోచించుకుని, హైదరాబాద్‌లో డేటా రికవరీ ల్యాబులకు పంపండి. వేలల్లో అవుతుంది. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే అడగండి. డిస్క్ విప్పి చూడటం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి సలహాలు వినొద్దు.

డిలీట్ అయినవి, పార్టిషన్ పోయినవి: టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్, రెకువా

డిస్క్ బాగుండి పార్టిషన్ మాయమైతే టెస్ట్‌డిస్క్. ఎనలైజ్, క్విక్ సెర్చ్ చేశాక కనిపించిన పార్టిషన్ మీద పి నొక్కితే లోపలి ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి, మీ ఫోల్డర్లు అక్కడ కనిపిస్తే ముందు వాటిని వేరే డిస్క్‌కు కాపీ చేసుకుని ఆ తర్వాతే ‘రైట్’ (పార్టిషన్‌ను తిరిగి డిస్క్ మీద రాసే ఆప్షన్) కొట్టండి. పేర్లు, ఫోల్డర్లు యథాతథంగా రావడమే దీని గొప్పతనం. ఫొటోరెక్ అదే రచయిత తయారుచేసిన ఇంకో టూల్, ఇది ఫైల్ సిస్టంను అసలు పట్టించుకోకుండా ఒక్కో రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి వెతుకుతుంది. ఫార్మాట్ అయిన మెమరీ కార్డు నుంచి పెళ్లి ఫొటోలు తీయడానికి ఇది బ్రహ్మాండం, జేపెగ్‌తో పాటు కెనాన్, నికాన్ కెమెరాల రా (ఒరిజినల్) ఫైళ్లు కూడా తెస్తుంది. కానీ పేర్లు పోతాయి, వేల ఫైళ్లు అంకెల పేర్లతో కుప్పలుగా వస్తాయి. డీటీపీ వాళ్లకు ఇది నరకం: పేరు లేని ఫైలు తెరిస్తే, అను ఫాంట్లు లేని సిస్టంలో అక్షరాలన్నీ పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, ఏది ఎవరి పుస్తకమో తేలదు. అందుకని వాళ్లు టెస్ట్‌డిస్క్‌తో పూర్తిగా ప్రయత్నించి, కుదరకపోతేనే ఫొటోరెక్‌కు రావాలి. రెకువా సులువు, ఇప్పుడే పొరపాటున డిలీట్ చేసిన ఒకటి రెండు ఫైళ్లకు చాలు, అంతకు మించి ఆశించొద్దు.

ఏది వాడినా దొరికిన ఫైళ్లను అదే డిస్క్‌లో సేవ్ చేయకూడదు. ఎస్‌ఎస్‌డీ అయితే ఆశ తక్కువే, డిలీట్ చేసిన కాసేపటికే ట్రిమ్ అనే పద్ధతిలో ఆ చోటంతా ఖాళీ అయిపోతుంది.

క్లోనెజిల్లానా, రెస్క్యూజిల్లానా

ఇవి రిపేరు టూల్స్ కావు, బాగున్నప్పుడు సిస్టం మొత్తాన్ని ఇమేజ్‌గా దాచుకునేవి. పేజ్‌మేకర్, కోరల్, అను స్క్రిప్ట్ మేనేజర్, పాత ప్రింటర్ల డ్రైవర్లు అన్నీ కుదురుకున్న డీటీపీ సిస్టంను మళ్లీ మొదటి నుంచి కూర్చోబెట్టాలంటే రోజంతా పోతుంది, కొన్ని పాత సెటప్ సీడీలు దొరకవు కూడా. అలాంటి సిస్టంకు ఒక ఇమేజ్ తీసి పెట్టుకుంటే చెడినప్పుడు టీ తాగి వచ్చేలోపు కాకపోయినా ఒక పూటలో పాత స్థితికి వస్తుంది. క్లోనెజిల్లా శక్తి ఎక్కువ, తెర మాత్రం పాతకాలపు మెనూలు, ప్రశ్న మీద ప్రశ్న అడుగుతుంది. రెస్క్యూజిల్లా మౌస్‌తో నడుస్తుంది, క్లోనెజిల్లా ఇమేజ్‌లను కూడా చదువుతుంది. కొత్తవాళ్లకు రెస్క్యూజిల్లాయే చెప్తా, కాలేజీ ల్యాబులో ఒకేసారి ముప్పై సిస్టంలకు ఎక్కించాల్సినవాళ్లు మాత్రం క్లోనెజిల్లా నేర్చుకోవాలి. రెండింటిలోనూ మామూలుగా పాతదానికన్నా చిన్న డిస్క్‌లోకి రిస్టోర్ కాదు. 500 జీబీ హార్డ్ డిస్క్ నుంచి 256 జీబీ ఎస్‌ఎస్‌డీకి మారదామనుకునేవాళ్లు ముందు జీపార్టెడ్ అనే టూల్‌తో పార్టిషన్ తగ్గించుకోవాలి, దానికన్నా 500 ఎస్‌ఎస్‌డీ కొనడమే మేలు.

బిట్‌లాకర్, రాన్సమ్‌వేర్

కొత్త ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్క్ బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి (తాళం పడి) ఉండొచ్చు, విండోస్ 11 24హెచ్2 నుంచి హోమ్ ఎడిషన్‌లో కూడా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా మెషీన్లలో ఇది తనంతట తానే ఆన్ అవుతుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే పైన చెప్పిన ఏ టూలూ లోపలి ఫైళ్లు చూపించలేదు. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసినా కీ అడుగుతుంది. అందుకే బయాస్‌లో ఏది మార్చే ముందైనా ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైసెస్ కింద కీ ఉందో లేదో చూడండి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపువాళ్లు ఎవరి మెయిల్‌తో సెటప్ చేశారో గుర్తు తెచ్చుకోండి, కీ ఆ అకౌంట్‌లో ఉండిపోయి పరేషాన్ అయినవాళ్లు ఉన్నారు.

ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు వచ్చి చేరి, ఫోల్డర్‌లో డబ్బులు అడిగే చీటీ ఉంటే అది రాన్సమ్‌వేర్. మన దగ్గర క్రాక్ సాఫ్ట్‌వేర్ వాడకం ఎక్కువ, ఇది వచ్చే దారుల్లో అదొకటి. కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్ లాంటివి వైరస్‌ను తీసేయగలవు గానీ లాక్ అయిన ఫైళ్లను తెరవలేవు. నెట్ తీసేసి, లాక్ అయిన ఫైళ్లను అలాగే ఒక డిస్క్‌లో దాచి, నో మోర్ రాన్సమ్ సైట్‌లో మీ రకానికి తాళంచెవి ఉందేమో చూడండి. ఇవాళ లేకపోయినా తర్వాత రావొచ్చు, అందుకే ఆ ఫైళ్లను డిలీట్ చేయొద్దంటున్నా. డబ్బు పోయి ఉంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పెన్‌డ్రైవ్‌లో ఏం పెట్టుకోవాలి

32 జీబీ పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ఎన్నో టూల్స్ బూట్ చేయించే ప్రోగ్రాం) వేసి, హైరెన్స్, సిస్టమ్‌రెస్క్యూ, రెస్క్యూజిల్లా, మెమ్‌టెస్ట్86 ప్లస్ ఐఎస్ఓ ఫైళ్లను (టూల్ మొత్తం ఒకే ఫైలుగా కట్టినవి) మామూలుగా కాపీ చేసేస్తే చాలు, బూట్ చేసినప్పుడు మెనూలో అన్నీ వస్తాయి. సెక్యూర్ బూట్ ఉన్న సిస్టంలో మొదటిసారి వెంటాయ్ కీ ఎన్‌రోల్ చేయమంటుంది. మెడిక్యాట్ అని అన్నీ కలిపి కట్టిన పెద్ద మూట ఒకటి దొరుకుతుంది, రోజూ రిపేర్లు చేసే షాపువాళ్లకు పనికొస్తుంది, ఇంట్లో వాడేవాళ్లకు అందులో సగం పేర్లు చూస్తేనే టెన్షన్. కొన్ని పాత సిస్టంలు వెంటాయ్‌ను గుర్తించవు, వాటికి రూఫస్ అనే ప్రోగ్రాంతో ఒక్కో ఐఎస్ఓను విడిగా రాసుకోవాలి. విండోస్ ఇన్‌స్టాలర్ మాత్రం వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టమంటాను, డేటా తీసే టూలూ, డేటా తుడిచే టూలూ ఒకే మెనూలో పక్కపక్కన ఉండటం నాకు ఇష్టం లేదు.

బూట్ మెనూకు హెచ్‌పీలో ఎఫ్9, డెల్, లెనోవోలో ఎఫ్12, ఆసుస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12ను ముందు బయాస్‌లో ఆన్ చేయాల్సి ఉంటుంది. తయారుచేసిన రోజే మీ సిస్టంలో ఒకసారి బూట్ చేసి చూసుకోండి, సిస్టం బాగున్నప్పుడు అది ఐదు నిమిషాల పని, చెడిపోయాక తయారుచేయాలంటే పక్కింటివాళ్ల సిస్టం అడుక్కోవాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి పాతవి మార్చుకుంటున్నవాళ్లు, కొత్తది కొన్న వెంటనే పాత డిస్క్‌ను అమ్మేయకుండా, కొత్తదాంట్లో అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకునేదాకా పక్కన పెట్టుకోండి.